అంకె చెప్పే వేడి, ఫ్యాను వినే వేడి

అసెంబుల్ చేసుకున్న కంప్యూటర్‌లో వేడి గురించి వచ్చే ఫిర్యాదులు చాలావరకు రెండే రకాలు. తెరమీద కనిపించే డిగ్రీల అంకె భయపెట్టడం ఒకటి. ఫ్యాన్లు అవసరం లేనప్పుడు హోరెత్తడమో, అవసరమైనప్పుడు ఉలకకుండా పలకకుండా ఉండిపోవడమో రెండోది. కంపెనీ నుంచి సీలుతో వచ్చే బ్రాండెడ్ కంప్యూటర్‌లో సెన్సర్లు, బోర్డు, ఫ్యాన్లు, వాటిని నడిపే ప్రోగ్రాము ఒకదానికొకటి నప్పేలా ఒకేచోట కుదిర్చి పంపుతారు. సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లోనో ఆన్‌లైన్‌లోనో ఒక్కో భాగం ఒక్కో కంపెనీది కొని ఇంట్లో బిగించుకున్నప్పుడు, ఆ కుదిర్చే పని బిగించినవారి మీదే పడుతుంది. ఏ క్యాబినెట్ వాడతారో, ఏ కూలర్ పెడతారో, ఎన్ని ఫ్యాన్లు తగిలిస్తారో మదర్‌బోర్డు తయారుచేసినవారికి తెలియదు. అందుకే బోర్డుతో వచ్చే సెట్టింగులు అందరికీ పనికొచ్చేలా ఉంటాయి కానీ ఎవరికీ పూర్తిగా సరిపోవు.

రిపేరుకు కూర్చున్నవారు చాలామంది ముందుగా స్క్రూడ్రైవర్ అందుకుంటారు. కూలర్ విప్పి, చిప్పుకూ దానికీ మధ్య పూసే పేస్ట్ మార్చేస్తారు, లేదా ఇంకో రెండు ఫ్యాన్లు కొంటారు. అది తలకిందుల పద్ధతి. మొదట తేల్చుకోవలసింది, తెరమీద ఉన్న అంకె నిజమా కాదా అన్నది. నిజమైతే అది ఏ భాగం వేడో తెలియాలి. ఆ తర్వాతే వేడి ఎక్కడ ఆగిపోతోందో వెతకాలి. చివరగా, ఫ్యాను ఏ సెన్సర్ మాట విని తిరుగుతోందో చూడాలి. ఈ క్రమం తప్పితే డబ్బు, సమయం రెండూ వృథా.

ప్రాసెసర్ చుట్టూ వేడిని కొలిచే ఏర్పాట్లు మూడు రకాలు. మొదటిది చిప్పు లోపలే కోర్ల పక్కన ఉండే డిజిటల్ సెన్సర్. ఇంటెల్ ప్రాసెసర్లలో ఇది ఇన్ని డిగ్రీలు అని నేరుగా చెప్పదు. గరిష్ఠ హద్దుకు ఇంకా ఎన్ని డిగ్రీల దూరం ఉందో చెబుతుంది. హద్దు 100 డిగ్రీలు, సెన్సర్ చెప్పిన దూరం 38 అయితే, ప్రోగ్రాము తీసివేత చేసి 62 అని చూపిస్తుంది. ప్రోగ్రాముకు ఆ హద్దు ఎంతో తప్పుగా తెలిస్తే రీడింగులన్నీ అంతే తేడాతో తప్పుతాయి. పైగా ఈ సెన్సర్ పని చిప్పును కాపాడడం. కాబట్టి హద్దుకు దగ్గరలో అది నమ్మకంగా ఉంటుంది, పని లేకుండా చల్లగా ఉన్నప్పుడు కొన్ని డిగ్రీలు అటూఇటూ అవుతుంది. ఒకే ప్రాసెసర్‌లో ఒక కోర్ 34, పక్క కోర్ 39 చూపించినంత మాత్రాన కంగారు పడనక్కర్లేదు.

రెండోది చిప్పు లోపల ఉండే డయోడ్. దాన్ని చదివేది మదర్‌బోర్డు మీద వేరుగా ఉండే పర్యవేక్షణ చిప్పు. నేటి బోర్డుల్లో ఇది ఎక్కువగా నువోటాన్ కంపెనీదో ఐటీఈ కంపెనీదో అయి ఉంటుంది. డయోడ్‌లోకి వెంటవెంటనే రెండు వేర్వేరు కరెంట్లు పంపి, వోల్టేజిలో వచ్చిన తేడాను కొలవడం దీని పద్ధతి. ఒక కరెంటు రెండోదానికి 10 రెట్లు ఉంటే, ఆ తేడా ఒక్కో డిగ్రీకి సుమారు 200 మైక్రోవోల్టులు మారుతుంది. అంటే వోల్టులో ఐదువేలవ వంతు. ఇంత సూక్ష్మమైన కొలతలో డయోడ్ స్వభావాన్ని తెలిపే గుణకం 1 శాతం తప్పినా, గది వేడి దగ్గర రీడింగు 3 డిగ్రీలు తప్పిపోతుంది. మూడోది థెర్మిస్టర్. బోర్డు మీద అక్కడక్కడ అతికించే చిన్న నిరోధకం ఇది. సాధారణంగా 25 డిగ్రీల దగ్గర 10 కిలో ఓములు ఉండి, వేడెక్కేకొద్దీ తగ్గుతుంది. ప్రాసెసర్‌కు కరెంటు అందించే వోల్టేజి రెగ్యులేటర్ల దగ్గర, బోర్డు మధ్యలో ఇవే ఉంటాయి.

ఏ సెన్సర్ ఎక్కడ ఉందన్న ప్రశ్నకు ఎంత విలువ ఉందో 2001 నాటి ఒక ప్రయోగం చూపించింది. టామ్స్ హార్డ్‌వేర్ అనే జర్మన్ మూలాల సమీక్షా సంస్థ, నడుస్తున్న ప్రాసెసర్ల మీద నుంచి కూలర్ తీసేసి ఏం జరుగుతుందో వీడియో తీసింది. పెంటియం 4 వేగం తగ్గించుకుని పని చేస్తూనే ఉంది. పెంటియం 3 ఆగిపోయింది కానీ పాడవలేదు. రెండు అథ్లాన్ ప్రాసెసర్లు మాత్రం చూస్తుండగానే కాలిపోయాయి. వాటిలో పాత తరం అథ్లాన్‌కు చిప్పు లోపల డయోడ్ లేదు. బోర్డులు సాకెట్ అడుగున పెట్టిన థెర్మిస్టర్‌తోనే దాని వేడి కొలిచేవి. చిప్పు మాడిపోయే వేళకు ఆ వేడి సాకెట్ అడుగుకు చేరనే లేదు. డయోడ్ ఉన్న కొత్త అథ్లాన్ కూడా కాలిపోయింది, ఎందుకంటే దాన్ని చదివి తక్షణం కరెంటు ఆపే ఏర్పాటు బోర్డులో లేదు. నేటి ప్రాసెసర్లు తమను తాము కాపాడుకుంటాయి. హద్దు చేరగానే వేగం తగ్గిస్తాయి, అదీ చాలకపోతే యంత్రాన్నే ఆపేస్తాయి. అయినా సాకెట్ దగ్గరి రీడింగు, చిప్పు లోపలి రీడింగు పక్కపక్కనే సీపీయూ అన్న పేరుతోనే కనిపించే బోర్డులు ఇప్పటికీ ఉన్నాయి. రెండింటి మధ్య 15, 20 డిగ్రీల తేడా ఉంటే ఏదీ పాడైనట్టు కాదు, రెండూ వేర్వేరు చోట్ల కొలిచినవి.

ఇక అసలే నమ్మకూడని అంకెలు కొన్ని ఉంటాయి. పర్యవేక్షణ చిప్పుకు సెన్సర్లు తగిలించే కాళ్లు చాలా ఉంటాయి, బోర్డు తయారీదారు వాటిలో కొన్నే వాడుకుంటాడు. మిగిలిన కాళ్లకు ఏమీ కలిపి ఉండదు. అయినా చిప్పు వాటిని కొలిచి ఏదో ఒక అంకె పంపుతూనే ఉంటుంది. 127 డిగ్రీలు, 128 డిగ్రీలు, సున్నాకు దిగువన 60 లాంటివన్నీ ఈ కోవలోవే. లైనక్స్‌లో ఏసీపీఐ పేరుతో కనిపించే రీడింగు కొన్ని బోర్డుల్లో పొద్దున్నా రాత్రీ 27.8 డిగ్రీల దగ్గరే కదలకుండా ఉంటుంది. అది కొలత కాదు, బయోస్‌లో రాసిపెట్టిన స్థిరమైన అంకె. దాన్ని చూసి కంప్యూటర్ చల్లగా ఉందనుకుంటే మోసపోయినట్టే. సెన్సర్ రకం తప్పుగా నమోదైనా, అంటే థెర్మిస్టర్‌ను డయోడ్ అనుకుని చదివినా, అంకె పదుల డిగ్రీలు తేడా పడుతుంది.

కొన్ని అంకెలు కావాలనే ఎక్కువ చూపించినవి. 2017లో వచ్చిన రైజెన్ 7 1700ఎక్స్, 1800ఎక్స్ ప్రాసెసర్లు ఫ్యాన్ నియంత్రణ కోసం పంపే ఉష్ణోగ్రతకు అసలు వేడి కంటే 20 డిగ్రీలు కలిపి పంపేవి. 2700ఎక్స్‌లో ఆ కలపడం 10 డిగ్రీలు. ఒకే సాకెట్‌లోని ప్రాసెసర్లన్నిటికీ ఫ్యాన్లు ఒకే తీరున పనిచేయాలని ఏఎండీ అలా చేసింది. ఆ సంగతి తెలియనివారు 38 డిగ్రీల చిప్పును 58 డిగ్రీల్లో చూసి మంచి కూలర్లను మార్చేశారు.

నిజమైన రీడింగును పట్టుకోవడానికి మార్గం, అది బతికి ఉందో లేదో చూడడమే. గాలితో చల్లబరిచే ఏ భాగమూ గది వేడి కంటే చల్లగా ఉండదు. గదిలో 33 డిగ్రీలుంటే, ప్రాసెసర్ 26 అని చూపించే అంకె తప్పు. దానికి మినహాయింపు లేదు. రెండోది, పని పెట్టగానే అంకె కదలాలి. ప్రాసెసర్ మీద సినీబెంచ్ లాంటి బరువైన పరీక్ష వేస్తే, చిప్పు లోపలి రీడింగు ఒకటి రెండు క్షణాల్లోనే పైకి లేస్తుంది. రెగ్యులేటర్ల రీడింగు నిమిషాల మీద నెమ్మదిగా ఎక్కుతుంది. పరీక్ష ఆపగానే చిప్పు అంకె గభాలున పడిపోతుంది, బోర్డు అంకె తీరిగ్గా దిగుతుంది. పేరు లేని సెన్సర్లు టెంపరేచర్ 1, టెంపరేచర్ 2 అని వరుసగా కనిపించినప్పుడు, ఏది ఎంత వేగంగా కదిలిందో చూస్తే ఎవరి చిరునామా ఏదో తెలిసిపోతుంది. గ్రాఫిక్స్ కార్డుకు మాత్రమే పని పెట్టినప్పుడు ఏ అంకె లేస్తుందో కూడా చూసుకోవాలి. పావుగంట పని ఇది. తర్వాత గంటల తరబడి జరిగే తడుములాటను తప్పిస్తుంది.

కొలిచే ప్రోగ్రాములు కూడా అప్పుడప్పుడు తామే సమస్య అవుతాయి. పర్యవేక్షణ చిప్పుతో మాట్లాడే దారి ఒక్కటే. హెచ్‌డబ్ల్యూఇన్ఫో అనే కొలత ప్రోగ్రాము, బోర్డు కంపెనీ సొంత ప్రోగ్రాము, రంగురంగుల లైట్లను నడిపే మరో ప్రోగ్రాము ముగ్గురూ ఒకేసారి ఆ దారిలో దూరితే, ఒకరు అడిగిన ప్రశ్నకు వచ్చిన జవాబును ఇంకొకరు చదువుకుంటారు. ఫ్యాను వేగం క్షణకాలం సున్నా అవడం, ఉష్ణోగ్రత ఒక్కసారిగా 200 చూపించి మళ్లీ 40కి రావడం ఈ గొడవకు గుర్తులు. ఒక్క ప్రోగ్రామునే ఉంచి మిగతావి ఆపితే ఆ వింతలు పోతాయి. 2019లో మూడో తరం రైజెన్ ప్రాసెసర్లు వచ్చినప్పుడు ఇంకో సంగతి బయటపడింది. కొన్ని ప్రోగ్రాములు సెకనుకు చాలాసార్లు వేడి అడుగుతూ, నిద్రపోవలసిన కోర్లను నిద్రపోనివ్వలేదు. కొలవడం వల్లే వేడి పెరిగింది. రెండు సెకన్లకోసారి అడిగితే చాలు. 2025లో విండోస్ డిఫెండర్ ఇలాంటి ఎన్నో ప్రోగ్రాములు వాడుకునే విన్‌రింగ్0 అనే డ్రైవర్‌ను భద్రతా లోపం ఉన్నదిగా పట్టుకుని ఆపడం మొదలుపెట్టింది. నిన్నటిదాకా నడిచిన ఫ్యాన్ ప్రోగ్రాము ఒక ఉదయం అంకెలన్నీ ఖాళీగా చూపిస్తే, హార్డ్‌వేర్‌ను అనుమానించే ముందు ఆ డ్రైవర్ సంగతి చూడాలి. డిఫెండర్‌ను ఆపేయడం మాత్రం పరిష్కారం కాదు. కొత్త డ్రైవర్‌తో వచ్చిన వెర్షన్ వేసుకోవాలి, లేదా ఫ్యాన్ల పని బయోస్‌కే అప్పగించాలి.

బయోస్ తెరమీద కనిపించే ఉష్ణోగ్రత విండోస్‌లో కనిపించేదానికంటే 10, 15 డిగ్రీలు ఎక్కువ ఉండడం కూడా చాలామందిని కలవరపెడుతుంది. బయోస్‌లో ఉన్నప్పుడు ప్రాసెసర్ విశ్రాంతి స్థితికి వెళ్లదు. అందువల్ల ఊరికే ఉన్నట్టు కనిపించినా వేడి పుడుతూనే ఉంటుంది. రెండు అంకెలూ నిజమే.

అంకె నిజమని తేలాక లెక్క సులభం. చిప్పు వేడి అంటే గది వేడికి, వాట్లను కూలర్ నిరోధంతో గుణించగా వచ్చిన పెరుగుదలను కలపడం. ఒక కూలర్ ప్రతి వాటుకు 0.3 డిగ్రీల పెరుగుదల ఇస్తుందనుకుంటే, 100 వాట్ల ప్రాసెసర్ గది కంటే 30 డిగ్రీలు పైన ఉంటుంది. 22 డిగ్రీల ఏసీ గదిలో అది 52. అదే యంత్రం మే నెలలో రెంటచింతలలోనో రామగుండంలోనో, బయట 45 దాటిన రోజున 38 డిగ్రీల గదిలో ఉంటే 68. కంప్యూటర్‌లో ఏమీ మారలేదు, రుతువు మారింది. విదేశీ సమీక్షల్లో కనిపించే అంకెలు 20, 22 డిగ్రీల గదుల్లో కొలిచినవి కాబట్టి, వాటితో మన వేసవి అంకెలను నేరుగా పోల్చడం అన్యాయం. సరైన పోలిక రెండు అంకెల తేడాతోనే కుదురుతుంది. గది థెర్మామీటర్‌ను క్యాబినెట్ గాలి లోపలికి పీల్చుకునే చోట పెట్టి, చిప్పు రీడింగులోంచి దాన్ని తీసివేసి రాసుకోవాలి. ఆరు నెలల తర్వాత అదే పని, అవే వాట్లకు ఆ తేడా 8, 10 డిగ్రీలు పెరిగితే అప్పుడు దుమ్మునో పేస్ట్‌నో అనుమానించవచ్చు.

ఈ లెక్కకు లొంగని ప్రాసెసర్లు ఇప్పుడు వస్తున్నాయి. 2022లో వచ్చిన రైజెన్ 7000 శ్రేణిలో పెద్ద ప్రాసెసర్లను బరువైన పనిలో 95 డిగ్రీల దాకా వెళ్లి అక్కడే నిలబడేలా ఏఎండీ రూపొందించింది. కూలర్ ఎంత బాగున్నా అంకె 95 దగ్గరే ఉంటుంది. మంచి కూలర్ పెడితే తగ్గేది వేడి కాదు, పెరిగేది వేగం. అలాంటి చిప్పు మీద డిగ్రీలు చూసి కూలర్ మీద తీర్పు చెప్పలేం. అది ఎన్ని వాట్లు తీసుకుంటూ ఎన్ని గిగాహెర్ట్జ్ దగ్గర నిలకడగా నడుస్తోందో చూడాలి. మరో వైపు, చాలా బోర్డులు డబ్బాలోంచి తీసినప్పుడే ఇంటెల్ చెప్పిన వాట్ల పరిమితిని ఎత్తేసి నడిపేవి. 13900కే ప్రాసెసర్‌కు ఇంటెల్ ప్రకటించిన గరిష్ఠ టర్బో పరిమితి 253 వాట్లు. బోర్డు దాన్ని దాటనిస్తుంటే ఫ్యాన్లు ఎన్ని పెట్టినా హోరు తగ్గదు. బయోస్‌లో పరిమితిని తిరిగి పెట్టడమే అసలు వైద్యం. దీనివల్ల పోయే వేగం కొద్దిగానే ఉంటుంది, తగ్గే వేడి మాత్రం బాగా తెలుస్తుంది.

వేడి నిజంగానే ఎక్కువైతే, అది ఎక్కడ ఆగిందో చెప్పేది పెరుగుదల వేగం. పని పెట్టిన రెండు మూడు సెకన్లలోనే 40 నుంచి 95కు ఎగబాకి, కూలర్ రెక్కలు ముట్టుకుంటే చల్లగానే ఉంటే, చిప్పుకూ కూలర్‌కూ మధ్య పొత్తు కుదరలేదని అర్థం. కొత్తగా బిగించిన యంత్రాల్లో దీనికి అతి సామాన్యమైన కారణం, కూలర్ అడుగున అతికించి వచ్చే పారదర్శక ప్లాస్టిక్ పొర. దాని మీద తీసేయమని రాసే ఉంటుంది, అయినా బిగించే తొందరలో కంటికి ఆనదు. ఇంటెల్ డబ్బాతో వచ్చే కూలర్‌కు నాలుగు మూలలా ఉండే నొక్కుడు పిన్నుల్లో ఒకటి సగమే దిగి ఉండడం ఇంకో కారణం. ముందు నుంచి చూస్తే నాలుగూ దిగినట్టే ఉంటాయి. బోర్డు వెనక వైపు తిప్పి చూస్తేనే, తెల్లని ప్లాస్టిక్ కాలి మధ్య నల్లని పిన్ను పూర్తిగా దూరిందో లేదో కనిపిస్తుంది. దిగని మూల దగ్గర కూలర్‌ను వేలితో మెల్లగా కదిపితే అది కదులుతుంది కూడా.

అలా కాకుండా ఉష్ణోగ్రత పది పదిహేను నిమిషాల మీద తాపీగా ఎక్కి, కూలర్ రెక్కలు చేయి పెట్టలేనంత కాలుతుంటే, పొత్తు బాగానే ఉంది, గాలి ఆడడం లేదు. క్యాబినెట్ పక్క పలక తీసి అదే పరీక్ష మళ్లీ చేయాలి. అంకె 10 డిగ్రీలు పడిపోతే లోపం క్యాబినెట్‌దే. ముందు జాలీకి దుమ్ము పట్టి ఉండొచ్చు, లేదా ఏదో ఫ్యాను తిరగేసి బిగించి ఉండొచ్చు. మామూలు ఫ్యాన్లలో, మోటారును పట్టి ఉంచే అడ్డకమ్మీలు ఏ వైపు ఉంటే గాలి ఆ వైపుకు బయటికి వస్తుంది. నీటితో చల్లబరిచే కూలర్లలో పరీక్ష ఇంకోలా ఉంటుంది. పంపు బాగుంటే రెండు గొట్టాల వేడి ఇంచుమించు ఒకేలా ఉంటుంది. ఒకటి కాలుతూ రెండోది చల్లగా ఉంటే నీరు తిరగడం లేదు. పంపు వేగం అంకెను కూడా చూడాలి, అది సున్నా అయితే వైరు ఊడిందో పంపు ఆగిందో తేలాలి.

గ్రాఫిక్స్ కార్డుల్లో చూడవలసింది సగటు రీడింగుకూ అత్యంత వేడి బిందువు రీడింగుకూ మధ్య తేడా. 10 నుంచి 20 డిగ్రీల తేడా మామూలే. అది 30 దాటి పెరుగుతుంటే పేస్ట్ పక్కకు జరిగిపోయిందనో కూలర్ ఒకవైపే ఆనుతోందనో అనుకోవాలి. 2022 డిసెంబరులో వచ్చిన రేడియాన్ ఆర్‌ఎక్స్ 7900 ఎక్స్‌టీఎక్స్ కార్డుల్లో కొన్నిటికి ఈ వేడి బిందువు 110 డిగ్రీలు తాకింది. కార్డును పడుకోబెట్టి ఒకలా, నిలబెట్టి ఒకలా పరీక్షించినప్పుడు అంకెలు మారాయి. పేస్టే కారణమైతే అలా మారవు. కూలర్ లోపలి ఆవిరి గదిలో కొన్ని కార్డులకు నీరు చాలినంత లేదని ఏఎండీ 2023 జనవరిలో ఒప్పుకుంది. ఒక్క విషయాన్నే మార్చి, మిగతావన్నీ అలాగే ఉంచి చూడడంలోని బలం ఈ ఉదంతంలో కనిపిస్తుంది.

ఇక ఫ్యాన్లు. మూడు పిన్నుల ఫ్యానుకు ఒక వైరు ఎర్త్, ఒకటి 12 వోల్టులు, మూడోది ఫ్యాను తన వేగాన్ని బోర్డుకు చెప్పుకునే వైరు. నాలుగు పిన్నుల ఫ్యానుకు అదనంగా ఉండే వైరు మీదుగా బోర్డు ఆజ్ఞలు పంపుతుంది. ఇంటెల్ నిర్దేశించిన ప్రకారం ఆ ఆజ్ఞ సెకనుకు సుమారు 25 వేలసార్లు వెలిగి ఆరే ఒక సంకేతం. వెలిగి ఉన్న కాలం ఎంత శాతమో, ఫ్యాను వేగం సుమారుగా అంత శాతం. 25 కిలోహెర్ట్జ్ అనేది మనిషి చెవి వినగలిగే హద్దుకు పైన ఉండడంతో మోటారు కూత వినిపించదు. మూడు పిన్నుల ఫ్యానుకు ఆ వైరు లేదు కాబట్టి, దాని వేగం తగ్గించాలంటే 12 వోల్టులనే తగ్గించాలి. బయోస్‌లో వోల్టేజిని తగ్గించే డీసీ, ఆజ్ఞ పంపే పీడబ్ల్యూఎం అని రెండు పద్ధతులు ఉండేది ఇందుకే.

ఫ్యాను మాట వినడం లేదన్న ఫిర్యాదుల్లో ఎక్కువ భాగం ఈ ఒక్క సెట్టింగు దగ్గరే తేలిపోతాయి. మూడు పిన్నుల ఫ్యాను పీడబ్ల్యూఎం పద్ధతిలో ఉంటే ఎప్పుడూ పూర్తి వేగంతో తిరుగుతుంది. నాలుగు పిన్నుల ఫ్యానును డీసీ పద్ధతిలో పెడితే తిరుగుతుంది కానీ, వోల్టేజి బాగా పడిపోయినప్పుడు ఆగిపోవచ్చు, లేదా కుదుపులు పడవచ్చు. తిరుగుతున్న ఫ్యాను నిలకడగా ఉండడానికి చాలే వోల్టేజి, ఆగి ఉన్న ఫ్యాను కదలడానికి చాలదు. వేసవిలో బాగా నడిచి, శీతాకాలం ఉదయం యంత్రం పెట్టగానే ఫ్యాను కదలకపోతే కారణం అదే. అతి తక్కువ వేగాన్ని కొంచెం పెంచితే సరిపోతుంది.

ఫ్యాను ఒక చుట్టు తిరిగితే రెండు సంకేతాలు పంపుతుంది, బోర్డు వాటిని లెక్కపెట్టి నిమిషానికి ఎన్ని చుట్లో చెబుతుంది. రెండు ఫ్యాన్లను ఒకే సాకెట్‌కు కలిపే వైరులో ఒక ఫ్యాను సంకేతం మాత్రమే బోర్డుకు చేరాలి. మంచి వైరులో రెండో కొమ్మకు ఆ పిన్ను తీసేసి ఉంటుంది. చవక వైరులో రెండూ కలిసిపోయి 3,000, 4,000 అని అర్థంలేని అంకెలు వస్తాయి. బోర్డు మీద ఒక ఫ్యాను సాకెట్ సాధారణంగా ఒక ఆంపియరు, అంటే 12 వాట్లు ఇస్తుంది. అంతకు మించి ఫ్యాన్లు కలపాలంటే పవర్ సప్లై నుంచి నేరుగా కరెంటు తీసుకునే హబ్ వాడాలి. ఇక యంత్రం పెట్టగానే సీపీయూ ఫ్యాన్ ఎర్రర్ అని ఆగిపోతే, ఫ్యాను వేరే సాకెట్‌కు తగిలించి ఉండొచ్చు. లేదా పెద్ద కూలర్ ఫ్యాను నింపాదిగా తిరిగి, బోర్డు పెట్టుకున్న కనిష్ఠ హద్దు కంటే దిగువన ఉండొచ్చు. 600 చుట్లు హద్దుగా ఉన్న బోర్డు మీద 500 చుట్ల ఫ్యాను నిక్షేపంగా తిరుగుతున్నా తప్పే కనిపిస్తుంది. ఆ హద్దును 300కు దించాలి. హెచ్చరికనే ఆపేయడం మంచిది కాదు, ఫ్యాను నిజంగా ఆగిన రోజున చెప్పేది అదొక్కటే.

ఫ్యాను ఎంత వేడికి ఎంత వేగం తిరగాలో చెప్పే గీత గీయడం అన్నిటికంటే ఆలోచన కోరే పని. ఇక్కడ అందరూ డిగ్రీలూ శాతాలే చూస్తారు. అసలు ప్రశ్న, ఆ గీత ఏ సెన్సర్‌ను వింటోందన్నది. బోర్డులు మామూలుగా క్యాబినెట్ ఫ్యాన్లన్నిటినీ ప్రాసెసర్‌కే కట్టేస్తాయి. ఆటలాడే యంత్రంలో గ్రాఫిక్స్ కార్డు 250 వాట్ల వేడి కక్కుతున్నా ప్రాసెసర్ 60 డిగ్రీల దగ్గరే ఉంటే, క్యాబినెట్ ఫ్యాన్లు మందకొడిగానే ఉంటాయి. దాంతో గ్రాఫిక్స్ కార్డు తన సొంత ఫ్యాన్లతోనే అరుస్తుంది. ఫ్యాన్ కంట్రోల్ లాంటి ప్రోగ్రాములో రెండు సెన్సర్లలో ఏది ఎక్కువైతే దాన్ని వినమని చెప్పవచ్చు. గ్రాఫిక్స్ కార్డుల ఫ్యాన్లు 50, 60 డిగ్రీల లోపు అసలు తిరగకపోవడం మాత్రం లోపం కాదు, అలా తయారుచేసినవే. నీటి కూలర్ రేడియేటర్ ఫ్యాన్లు నీటి ఉష్ణోగ్రతను వింటే అన్నిటికంటే బాగుంటుంది. ఎందుకంటే నీరు నిమిషాల మీదే వేడెక్కుతుంది.

చిప్పు అలా కాదు. బ్రౌజర్‌లో ఒక పేజీ తెరవగానే ఒక కోర్ ఒక్క క్షణం ఉరికి 42 నుంచి 60కి లేస్తుంది, వెంటనే దిగిపోతుంది. ఫ్యాను ప్రతి లేవడానికీ లేచి, ప్రతి దిగడానికీ దిగితే గదిలో కూర్చున్నవారికి నరకమే. దీనికి రెండు మందులున్నాయి. ఒకటి ఆలస్యం. బయోస్‌లో స్టెప్ అప్, స్టెప్ డౌన్ అని కనిపించే సమయాలను మూడు నాలుగు సెకన్లకు పెంచితే క్షణికమైన ఉరుకులను ఫ్యాను పట్టించుకోదు. చిప్పుకు దానివల్ల ప్రమాదం లేదు, ఆ కొద్ది సెకన్ల వేడిని కూలర్ లోహమే మింగేస్తుంది. రెండోది హిస్టెరిసిస్. మేడమీద ట్యాంకులో ఫ్లోట్ స్విచ్ నీళ్లు బాగా కిందికి దిగాకే మోటారు వేసి, నిండాకే ఆపినట్టు, ఫ్యాను కూడా 65 దగ్గర వేగం పెంచి, 60కి దిగితే తప్ప తగ్గించకుండా ఉండాలి. ఈ ఖాళీ లేకపోతే, ఉష్ణోగ్రత సరిగ్గా గీత మలుపు దగ్గర నిలిచినప్పుడు ఫ్యాను అంతూదరీ లేకుండా ఊగిసలాడుతుంది.

గీత ఎలా ఉండాలో ఫ్యాను స్వభావమే చెబుతుంది. గాలి పరిమాణం వేగంతో పాటే పెరుగుతుంది, కానీ ఫ్యాను తీసుకునే వాట్లు వేగం ఘనంతో పెరుగుతాయి. వేగం సగమైతే శబ్దం సుమారు 15 డెసిబెల్స్ తగ్గుతుంది. కాబట్టి ఒక ఫ్యాను పూర్తి వేగంతో తిరగడం కంటే రెండు ఫ్యాన్లు సగం వేగంతో తిరగడం మేలు. ఆఖరి 20 శాతం వేగం ఇచ్చేది ఎక్కువగా రొదే. 55 డిగ్రీల దాకా దాదాపు చదునుగా, 55 నుంచి 80 దాకా ఏటవాలుగా, ఆపైన పూర్తి వేగానికి వెళ్లే గీత చాలా యంత్రాలకు సరిపోతుంది. మన వేసవి గదులకు మాత్రం ఆ చదును భాగాన్ని 60 దాకా పొడిగించాలి. లేకపోతే ఏప్రిల్ వచ్చేసరికి ఊరికే ఉన్న యంత్రం కూడా వాలు మీదకు ఎక్కుతుంది.

లైనక్స్‌లో ఇదే పని ఎల్ఎం-సెన్సర్స్ చేస్తుంది. దాని సెన్సర్స్-డిటెక్ట్ బోర్డు మీది చిప్పును గుర్తుపట్టి, కావలసిన డ్రైవర్ పేరు చెబుతుంది. పీడబ్ల్యూఎం-కాన్ఫిగ్ ఒక్కో ఫ్యానును ఆపి చూసి, ఏ ఆజ్ఞ ఏ ఫ్యానుకు పోతోందో జత కలుపుతుంది. ఆ సమయంలో బరువైన పనులేవీ నడవకూడదు. వేగాన్ని 0 నుంచి 255 వరకు అంకెల్లో చెప్పాలి. ఇక్కడ తరచుగా తలెత్తే చిక్కు ఒకటుంది. కెర్నెల్ ఒక్కో సెన్సర్ చిప్పుకు ఇచ్చే వరుస సంఖ్య, యంత్రం మళ్లీ పెట్టినప్పుడు మారిపోవచ్చు. నిన్న మూడో సంఖ్య ప్రాసెసర్‌ది, ఇవాళ ఎన్వీఎంఈ డిస్కుది. ఆ సంఖ్యల మీద ఆధారపడే లైనక్స్ ఫ్యాన్‌కంట్రోల్ సర్వీసు మొదలుకాకుండా ఆగిపోతే ముందుగా చూడవలసింది ఇదే. పీడబ్ల్యూఎం-కాన్ఫిగ్ మళ్లీ నడిపితే తాత్కాలికంగా కుదురుతుంది, సంఖ్యకు బదులు పరికరం దారి పేరు రాసుకుంటే శాశ్వతంగా కుదురుతుంది.

ఎన్వీఎంఈ డిస్కుల గురించి ఒక మాట చాలు. ఇవి 70, 85 డిగ్రీల మధ్య తయారీదారు పెట్టిన హద్దు దగ్గర వేగం తగ్గించుకుంటాయి. గ్రాఫిక్స్ కార్డు కిందే ఇరుక్కుని ఉండడం వల్ల గాలి తగలదు. బోర్డుతో వచ్చిన లోహపు పలక కింద ఉండే పట్టీ మీది ప్లాస్టిక్ పొరను ఇక్కడ కూడా చాలామంది తీయడం మరచిపోతారు.

అన్నీ కుదిరాక పరీక్ష రోజులో అత్యంత వేడి వేళ జరగాలి. మధ్యాహ్నం రెండు మూడు గంటల మధ్య, ఏసీ లేకుండా, ప్రాసెసర్‌కూ గ్రాఫిక్స్ కార్డుకూ కలిపి అరగంట పని పెట్టి అంకెలు నిలకడకు వచ్చేదాకా చూడాలి. ఆ తర్వాత ఒక క్యాబినెట్ ఫ్యాను వైరు తీసి, బోర్డు హెచ్చరిక ఇస్తుందో లేదో, మిగతా ఫ్యాన్లు ఆ లోటు భరిస్తున్నాయో లేదో చూడడం మంచిది. కుదిరిన గీతను బయోస్‌లోనే ప్రొఫైల్‌గా భద్రపరచి, ఆ తెరను ఫోనుతో ఫొటో కూడా తీసుకోవాలి. బయోస్ అప్‌డేట్ చేసినప్పుడు ఫ్యాన్ల సెట్టింగులు మొదటికి వస్తాయి, చాలా బోర్డుల్లో పాత ప్రొఫైల్ కొత్త వెర్షన్‌లో తెరుచుకోదు. అప్‌డేట్ తర్వాత డీసీ, పీడబ్ల్యూఎం పద్ధతి, వాట్ల పరిమితి, ప్రతి ఫ్యాను వినే సెన్సర్ పేరు, ఈ మూడింటినీ ఫొటో చూసి తిరిగి పెట్టుకోవాలి.